రెండేళ్ళు దాటి మూడు నెలలు, మాటలు మాత్రం పదే. ఆగి చూడాలా, తీసుకెళ్ళి చూపించాలా?

తెనాలి_అమ్మాయి
అందరికీ నమస్కారం. మా బాబుకి రెండేళ్ళ మూడు నెలలు. అమ్మ, అత్త, తాత, టాటా, బువ్వ, బౌ, జేజే, వద్దు, అయ్యో, బస్. ఇంతే. రెండు మాటలు కలపడు. ఏదైనా కావాలంటే చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు, ఫ్రిజ్ ముందు నిలబడి "ఉఁ, ఉఁ" అంటాడు. మనం చెప్పింది అర్థమవుతుందనే అనుకుంటున్నాను. "చెప్పులు తెచ్చుకో, బయటికి వెళ్దాం" అంటే పరుగెత్తుకెళ్ళి తెస్తాడు.

మేం హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం, పగలు అత్తయ్యగారు చూసుకుంటారు. ఆవిడ "వీళ్ళ నాన్న కూడా మూడేళ్ళకే నోరు విప్పాడు, మగపిల్లలు అంతే" అంటారు. మా అమ్మ వస కొమ్ము పంపిస్తానంటోంది. పక్క ఫ్లాట్ ఆవిడేమో మా ఇంట్లో తెలుగు, ఇంగ్లీషు, పనిచేసే అమ్మాయితో హిందీ, మూడూ వినేసరికి వాడు కన్ఫ్యూజ్ అయ్యాడంటుంది. ఆఫీసులో ఒకావిడ "ఆటిజం ఏమో చూపించు" అంది. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. అన్నం తినేటప్పుడు ఫోన్ కూడా చూస్తాడు, అదీ చెప్పేస్తున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారి_గట్టు
టెన్షన్ పడకు తల్లీ. నేను ముగ్గుర్ని పెంచాను, ఇప్పుడు మనవళ్ళను చూస్తున్నాను. మా రెండోవాడు మూడేళ్ళ దాకా సైగలే. ఇప్పుడు కోర్టులో వాదిస్తాడు! ఈ కాలం పిల్లలకు ప్రతిదానికీ డాక్టరే. ఇంటి నిండా మనుషులుంటే మాటలు అవే వస్తాయి. మీరిద్దరూ పొద్దున వెళ్ళి రాత్రికి వస్తే వాడు ఎవరితో మాట్లాడతాడు?

తెనాలి_అమ్మాయి
అత్తయ్యగారు రోజంతా వాడితోనే ఉంటారండీ. కాస్త తక్కువ మాట్లాడే మనిషి, అంతే.

మాట_మంతి
నేను స్పీచ్ థెరపిస్టుని, విజయవాడలో చేస్తాను. ఇక్కడ నాలుగు వాక్యాలు చదివి పిల్లాడికి ఏముందో, ఏం లేదో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ మీరు రాసినదాంట్లో రెండు సంగతులు ఇంకాస్త కనిపెట్టి చూడండి.

చెప్పులు తెస్తాడన్నారు. మీరు తాళంచెవి చేతిలోకి తీసుకోకుండా, తలుపు వైపు చూడకుండా అన్నప్పుడు కూడా తెస్తాడా? చాలా ఇళ్ళలో పిల్లలు మాట విని కాదు, మన హడావుడి చూసి పరుగెత్తుతారు. ఒకసారి సోఫాలో చేతులు కట్టుకుని కూర్చుని, వేళ కాని వేళలో అడగండి: "బంతి నాన్నకి ఇవ్వు." ఇస్తే మంచి సూచన. మాట రాకపోయినా అర్థం చేసుకోవడం వయసుకు తగ్గట్టు ఉన్న పిల్లలు అందుకునే అవకాశం ఎక్కువ.

రెండోది, లాక్కెళ్తాడన్నారు. ఫ్రిజ్ దగ్గర మీ మొహంలోకి చూసి అడుగుతాడా, లేక మీ చేతిని మాత్రం పట్టుకుని తలుపు మీద పెడతాడా? ఆకాశంలో విమానం పోతుంటే వేలెత్తి మీకు చూపించి, మళ్ళీ మీ వైపు తిరుగుతాడా? "నాకు కావాలి" అని చూపించే వేలు ఒకటి, "నువ్వూ చూడు" అని చూపించే వేలు ఇంకొకటి. నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు మాటల లెక్కతో మొదలుపెడతారు, నేను ఈ రెండో వేలితో మొదలుపెడతాను.

లెక్క విషయానికొస్తే, రెండేళ్ళ నాటికి "అమ్మ రా", "తాత లేడు" లాంటి రెండు మాటల జతలు మొదలవ్వాలి. రెండుంబావుకి జతలు లేవు, మాటలు పదే అంటే ఇక ఆగి చూసే వయసు కాదు. చూపించడం అంటే జబ్బు ఉందని కాదు. రెండేళ్ళ పిల్లల్లో పదిమందికి ఒకరైనా ఇలా ఆలస్యంగా మాట్లాడేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో సగానికి పైగా తర్వాత అందుకుంటారు కూడా. గోదారి_గట్టు గారి రెండోవాడు అలాంటివాడే కావచ్చు. చిక్కేమిటంటే ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడిపోతారో రెండేళ్ళప్పుడు ఖాయంగా చెప్పే పరీక్ష లేదు.

మొదట చెవి పరీక్ష. స్పీచ్ థెరపీ కంటే ముందు, మిగతా అన్నిటికంటే ముందు.

ఓరుగల్లు_నాన్న
చివరి ముక్క గురించి నేను రాయాలి. మా పాప కుక్కర్ విజిల్‌కి తిరిగేది, చప్పట్లు కొడితే తిరిగేది, టీవీ పెడితే పరుగెత్తుకొచ్చేది. అందుకే చెవి సంగతి ఎవరికీ తట్టలేదు. మొదట చూపించిన చోట (పేరెందుకు) డాక్టర్ కూడా వెనక నుంచి చప్పట్లు కొట్టి "బాగానే వింటోంది, ఆగండి" అన్నారు. ఏడాది గడిచాక వేరే చోట బెరా చేస్తే రెండు చెవుల్లోనూ ఓ మోస్తరు లోపం ఉందని తేలింది. పెద్ద చప్పుళ్ళు వినిపిస్తాయి, మాటలో ఉండే సన్నటి శబ్దాలు వినిపించవు. స, శ, ఫ లాంటివి అసలు అందవు. మాట సగం సగం చెవిన పడుతుంటే పిల్ల ఏం నేర్చుకుంటుంది?

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "మీది మేనరికమా?" అని. అవును, మాది మేనరికమే. పుట్టినప్పుడు కామెర్లు ఎక్కువై ఐసీయూలో పెట్టారా, బరువు తక్కువా, గర్భంలో ఉండగా తల్లికి జ్వరం, దద్దుర్లు వచ్చాయా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచీ వినికిడి లేదా అని కూడా అడిగారు. వీటిలో ఏ ఒక్కటున్నా, మాటలు వస్తున్నా రాకపోయినా, చెవి పరీక్ష చేయించాల్సిందేనట. అసలు పుట్టిన నెలలోపే స్క్రీనింగ్, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు మిషన్ లేదా చికిత్స జరగాలని ప్రపంచమంతా పెట్టుకున్న నియమం. మన దగ్గర ఎన్ని ప్రసూతి ఆసుపత్రుల్లో చేస్తున్నారో మీకే తెలుసు.

ఇప్పుడు పాపకి చెవి మిషన్లు ఉన్నాయి. రెండో తరగతి. ఇంట్లో మాట్లాడే వంతు మాకు రావడం లేదు.

తెనాలి_అమ్మాయి
మాది మేనరికం కాదు. కానీ పుట్టినప్పుడు కామెర్లకి లైట్ కింద పెట్టారు. ఈ బెరా అంటే ఏంటి, నొప్పి ఉంటుందా?

ఓరుగల్లు_నాన్న
నొప్పేమీ ఉండదండీ. నుదుటి మీద, చెవుల వెనక చిన్న స్టిక్కర్ల లాంటివి అంటించి, చెవిలో శబ్దాలు వినిపిస్తారు. నరం స్పందిస్తోందా లేదా అని కంప్యూటర్ రాసుకుంటుంది. పిల్లాడు కదలకూడదు కాబట్టి నిద్రలో చేస్తారు. అపాయింట్‌మెంట్ ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి, కార్లో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్ళండి. ఈ మూడోది చాలా కష్టం. అక్కడికెళ్ళాక పాలు పట్టి పడుకోబెడితే సరి. నిద్రపోకపోతే సిరప్ ఇస్తారు, అది వాళ్ళే, వాళ్ళ ఎదుటే ఇవ్వాలి. ఇంట్లో పట్టించి తీసుకెళ్ళొద్దు.

మాట_మంతి
దీనికి ముందు ఓఏఈ అని చిన్న పరీక్ష ఉంటుంది. చెవిలో బుడ్డి ప్రోబ్ పెడతారు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అది లోపలి చెవి వరకే చూస్తుంది, అక్కడి నుంచి నరం సంగతి బెరాలో తెలుస్తుంది. కాబట్టి మాటలు ఆలస్యమైన పిల్లాడికి "ఓఏఈ పాస్" అని ఒక్క ముక్కతో పంపించేస్తే బెరా కూడా అడగండి. మూడోది టింపనోమెట్రీ. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో చూస్తుంది. జలుబులు ఎక్కువ చేసే పిల్లల్లో ఇది మామూలు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చెవిలో దూది పెట్టుకున్నట్టు వినపడుతుంది, అంతే. అందుకే ఎవరికీ తెలియదు.

హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి చెబుతున్నా. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. వినికిడి, మాట రెండూ అక్కడే చూస్తారు. కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉండనే ఉంది. ప్రైవేటులో వెళ్తే రిపోర్టు మీద ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) సంతకం, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి.

లెక్కల_మాస్టారు
ఒక సందేహం. ఈ "రెండేళ్ళకు ఇన్ని మాటలు" అనే లెక్కలు ఎక్కడివి? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు 2022లో పట్టిక సవరించి, యాభై మాటలను రెండున్నరేళ్ళ దగ్గర రాశారు. అంతకుముందు అందరూ రెండేళ్ళకే యాభై అనేవారు. అంటే గీతలు జరుగుతున్నాయి. జరిగే గీతను పట్టుకుని తల్లుల్ని భయపెట్టడం సబబేనా? పైగా అవి ఇంగ్లీషు పిల్లల లెక్కలు.

మాట_మంతి
మాస్టారూ, మంచి ప్రశ్న. పాత పట్టికల్లో చాలావాటికి సగటు పిల్లాడే కొలత. సగటు అంటే సగం మంది ఆ వయసుకి ఇంకా చేయరు, అందుకే "ఆగి చూద్దాం" అనే మాట పుట్టింది. 2022లో నూటికి డెబ్బై అయిదు మందైనా చేసే వయసును పెట్టారు. ఉద్దేశం ఏమిటంటే ఆ వయసు దాటినా చేయనివాణ్ణి ఇక ఆగకుండా చూపించమని. గీత జరిగింది తల్లుల్ని ఊరడించడానికి కాదు. రెండు మాటలు కలపడాన్ని మాత్రం వాళ్ళూ రెండేళ్ళ దగ్గరే ఉంచారు.

తెలుగు పిల్లల విషయంలో లెక్కపెట్టే తీరు వేరుగా ఉండాలని ఒప్పుకుంటాను. బౌ, టాటా, జేజే, లాల, బూచి, అన్నీ మాటలే. ఒకే అర్థానికి ఒకే శబ్దం ప్రతిసారీ అంటే చాలు, స్పష్టంగా ఉండక్కర్లేదు. "నీళ్ళు" అనలేక "నీయ్" అన్నా ఒకటి. రైలుని లైలు అంటే ఈ వయసులో దిగులు పడేదేం లేదు, ర, ళ, శ ఎలాగూ ఆలస్యంగానే వస్తాయి. ఇంట్లో రెండు భాషలుంటే రెండిట్లోని మాటలూ కలిపి లెక్క.

డాలస్_తెలుగింటి
ఆ భాషల సంగతి నేను చెబుతాను. మేం టెక్సాస్‌లో ఉంటాం. మా పాపకి రెండేళ్ళప్పుడు ఇదే గొడవ. ఇక్కడ ఒక డాక్టర్ "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇచ్చారు. మా అమ్మా వాళ్ళు వీడియో కాల్‌లో ఇంగ్లీషు మాట్లాడటానికి తంటాలు పడటం, మా ఆయనా నేనూ ఇంట్లో బిగుసుకుపోయి మాట్లాడుకోవడం. నవ్వొస్తుంది ఇప్పుడు తలచుకుంటే. పాపతో మాటలు మొత్తంగానే తగ్గిపోయాయి.

తర్వాత ఈసీఐ (మూడేళ్ళలోపు పిల్లల కోసం టెక్సాస్‌లో ఉన్న ప్రభుత్వ కార్యక్రమం) వాళ్ళ థెరపిస్ట్ ఇంటికొచ్చి మొదట చెప్పిందే "మీకు ఏ భాషలో కబుర్లు ధారాళంగా వస్తాయో అందులోనే మాట్లాడండి" అని. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. నిజంగా సమస్య ఉన్న పిల్లలకు అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, ఒకటి తీసేస్తే పోదు. అమ్మమ్మ, తాతయ్యలతో ఉన్న బంధం మాత్రం పోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. మూడేళ్ళలోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ అని ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. డాక్టర్ చీటీ అక్కర్లేదు, మీరే ఫోన్ చేసి అడగొచ్చు. మొదటి అంచనా ఉచితం. వీసా ఏదని ఎవరూ అడగలేదు మమ్మల్ని. మూడేళ్ళు నిండితే అది మీ స్కూల్ డిస్ట్రిక్ట్ చేతికి వెళ్ళిపోతుంది, కాబట్టి రెండేళ్ళ పదకొండు నెలల దాకా ఆగకండి.

నాలుగో_అంతస్తు
అమ్మలందరికీ దండం. నాన్నని. మా వాడికి రెండున్నర. ఏ నుంచి జెడ్ దాకా చెబుతాడు, వంద దాకా అంకెలు, రంగులన్నీ, షేపులన్నీ ఇంగ్లీషులో చెబుతాడు. అన్నీ యూట్యూబ్ చలవ. కానీ దాహమేస్తే నీళ్ళు అడగడు, ఏడుస్తాడు. "నీ పేరేంటి" అంటే "నీ పేరేంటి" అనే అంటాడు. ఇది ఆలస్యం కిందికి వస్తుందా? మా ఇంట్లో అందరూ మహా తెలివైనవాడంటున్నారు.

మాట_మంతి
తెలివైనవాడే అయ్యుండొచ్చు. కానీ అప్పజెప్పడం మాట్లాడటం కాదు. మాట పుట్టేది అవసరంలోంచి. నీళ్ళు అడగడం, వద్దనడం, పిలవడం, చూపించడం, ఫిర్యాదు చేయడం. వంద అంకెలు వచ్చి "నీళ్ళు" రాలేదంటే తప్పకుండా చూపించండి. ప్రశ్నకు ప్రశ్ననే తిరిగి చెబుతాడని కూడా డాక్టర్‌కి చెప్పండి. పిల్లల డాక్టరు, వీలైతే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు), చెవి పరీక్ష. మీకూ వరస అదే.

నీలిమబ్బు
నాలుగో_అంతస్తు గారూ, తెనాలి_అమ్మాయి గారూ, మా బాబుకి ఆటిజం. ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ మాట వినగానే గుండె జారిపోతుందని తెలుసు. మాటలు రాకపోవడం ఒక్కటే ఆటిజం కాదు. మా వాడు పేరు పిలిస్తే తిరిగేవాడు కాదు, చెవి పరీక్ష మాత్రం నార్మల్. కారు బొమ్మ ఇస్తే చక్రమే తిప్పుతూ కూర్చునేవాడు. దోబూచులాడితే నవ్వేవాడు కాదు. "నువ్వూ చూడు" అనే వేలు, మాట_మంతి గారు చెప్పినది, అసలు లేదు. ఏడాదిన్నరప్పుడు ఉన్న రెండు మూడు మాటలు కూడా పోయాయి. ఇది గుర్తుపెట్టుకోండి, వచ్చిన మాటలు పోతే ఏ వయసైనా సరే, ఒక్క వారం కూడా ఆగొద్దు.

పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లలకు ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నల ఫారం ఉంటుంది, డాక్టర్ దగ్గరే నింపవచ్చు. అది జల్లెడ మాత్రమే, అందులో ఎక్కువ వచ్చినంత మాత్రాన ఆటిజం అని తీర్మానం కాదు.

ఇంకొకటి, నెట్‌లో మీరు ఒక్కసారి వెతికితే చాలు, ఫోన్లు మొదలవుతాయి. స్టెమ్ సెల్ ఇంజక్షన్లు, ఆక్సిజన్ చాంబర్లు, "మూడు నెలల్లో మాటలు గ్యారంటీ" ప్యాకేజీలు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పనికిరాదని నేషనల్ మెడికల్ కమిషనే 2022లో చెప్పింది. గ్యారంటీ అన్న చోట నుంచి లేచి వచ్చేయండి. ఆటిజం నిర్ధారణ అయిన పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీలకు కూడా కొంత వస్తుంది. ఇది చాలామందికి తెలియదు.

చిట్టి_బడి
నేను ప్రకాశం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ని. మీరంతా హైదరాబాద్, అమెరికా చెబుతున్నారు, పల్లెల్లో వాళ్ళ కోసం నేను రాస్తా. ఆర్‌బీఎస్‌కే బృందం, అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్ళు, ఏడాదికి రెండు సార్లు అంగన్‌వాడీకి రావాలి. 2013 నుంచి ఉన్న పథకం. ఎదుగుదల ఆలస్యం, మాట ఆలస్యం కూడా వాళ్ళ జాబితాలో ఉన్నాయి. వాళ్ళు రాసిస్తే జిల్లా డీఈఐసీకి, అంటే సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు, ఖర్చుండదు. బృందం వచ్చే రోజు బిడ్డను బడికి పంపకుండా అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్ళిపోతే ఎలా? మా దగ్గర జరిగేది అదే. ముందే ఆశా కార్యకర్తను అడిగి తేదీ తెలుసుకోండి.

వస కొమ్ము గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎక్కువ మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం కదా, ఆ నమ్మకంతో ఇప్పటికీ అరగదీసి తేనెలో రంగరించి నాకిస్తున్నారు. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదం ఉంది. వసలో ఉండే అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే దాన్ని తిండి పదార్థాల్లో కలపకుండా నిషేధించారని మా ట్రైనింగులో డాక్టరు గారు చెప్పారు. దానితో మాటలు రావు. వాంతులు వచ్చి తీసుకొచ్చిన పిల్లల్ని మాత్రం చూశాను.

గోదారి_గట్టు
వస పెట్టిన పిల్లలమే మేమంతా. సరే, అది వదిలెయ్. నాలుక కింద నరం అంటుకుని ఉంటే మాటలు రావంటారు కదా, అది చూపించారా?

మాట_మంతి
అది అంటుకుని ఉంటే కొందరు పిల్లలకు పాలు తాగడం కష్టమవుతుంది, పెద్దయ్యాక ల, ర లాంటి ఒకటి రెండు శబ్దాలు తేడాగా రావచ్చు. మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. కోసేస్తే మాటలు వచ్చేస్తాయని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్‌ని అడగండి.

తెనాలి_అమ్మాయి
అందరికీ చాలా థాంక్స్. బంతి పరీక్ష చేశాను. చేతులు కట్టుకుని అడిగితే మొదట నా మొహం చూశాడు, రెండోసారి వెళ్ళి తెచ్చి నాన్నకే ఇచ్చాడు! వేలు కూడా చూపిస్తాడు, నిన్న లిఫ్ట్‌లో పిల్లిని చూపించి నా వైపు తిరిగాడు. చెవి పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. ఈలోగా ఇంట్లో ఏం చేయాలి? అత్తయ్యగారు కూడా అడుగుతున్నారు, ఫోరం అంతా చదివి వినిపించాను.

మాట_మంతి
అత్తయ్యగారు అడిగారంటే సగం పని అయినట్టే. వారానికి నేను చూసేది ఒకటి రెండు గంటలు, మిగతా రోజంతా ఆవిడదే.

"ఇదేంటి? చెప్పు. ఇదేంటి?" అని అడగడం ఆపండి. పరీక్షలో కూర్చోబెట్టినట్టు ఉంటే ఎవరూ నోరు తెరవరు. అడగడానికి బదులు మీరే చెప్పండి, వాడు చూస్తున్నదాని గురించి, వాడు చేస్తున్నదాని గురించి. లాల పోసేటప్పుడు "చెయ్యి రుద్దుదాం, కాలు రుద్దుదాం, నీళ్ళు పోద్దాం". బట్టలు మడతపెడుతుంటే "నాన్న చొక్కా, తాత పంచె". చిన్న చిన్న వాక్యాలు, వాడి ఎత్తుకు కూర్చుని, మొహం కనిపించేలా. అత్తయ్యగారు తక్కువ మాట్లాడతారన్నారు కదా, రోజంతా వాగక్కర్లేదు. స్నానం, భోజనం, పడక, ఈ మూడు చోట్ల చాలు. అవే మాటలు రోజూ వస్తాయి, పిల్లలకు కావలసింది అదే.

మన భాషలో క్రియ చివర రావడం ఇక్కడ బాగా కలిసొస్తుంది. బంతి పైకెత్తి "బంతి..." అని ఆగండి. వదిలేసి "పడింది!" అనండి. కొన్నిసార్లు ఆడాక "బంతి..." అని ఆగి ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మధ్యలో నోరు జారి మీరే చెప్పేస్తారు. చెప్పకండి. వాడు "ప" అన్నా "దింది" అన్నా వదిలేయండి బంతిని.

వాడు "బస్" అంటే "అవును, బస్" అని ఊరుకోకుండా "బస్ వచ్చింది" అనండి. ఒక్క మాట కలపండి, నాలుగు కాదు. పిల్లలకు యాపిల్, బాల్, క్యాట్ అని బొమ్మల కార్డులు చూపించడం పెద్ద వ్యసనమైపోయింది. వట్టి పేర్లతో వాక్యం కట్టలేరు. రా, ఇవ్వు, తియ్యి, ఇంకా, వద్దు, లేదు, అయిపోయింది, కావాలి. ఇవి రోజుకి ఎన్నోసార్లు వాడే అవకాశం వచ్చే మాటలు. వీటితోనే జతలు పుడతాయి.

ఎంచుకోనివ్వండి: "పాలా, నీళ్ళా?" రెండూ చేతిలో చూపిస్తూ. వేలు చూపిస్తే మాట మీరు అందించి ఇచ్చేయండి. "చెబితేనే ఇస్తా" అని దాహంతో ఉన్న పిల్లాణ్ణి ఏడిపించే పద్ధతి మాత్రం వద్దు. సైగలు ఆపొద్దు, టాటా, దా దా, నమస్కారం, అన్నీ మాటకు మెట్లే.

నాలుగో_అంతస్తు
ఫోన్ సంగతి? ఒక్కసారిగా తీసేస్తే మా వాడు అన్నమే తినడు.

మాట_మంతి
రెండేళ్ళలోపు అసలు వద్దని, రెండు నుంచి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మన పిల్లల డాక్టర్ల సంఘం మాట కూడా అదే. ఫోన్ వల్ల ఆటిజం వస్తుందని ప్రచారం చేసేవాళ్ళ మాట నమ్మకండి. ఫోన్ చేసే హాని వేరు. భోజనం వేళ మీరూ వాడూ చెప్పుకోవాల్సిన కబుర్లను అది తినేస్తుంది. ముందు ఒక్క పూట తీయండి, ఇంట్లో ఎక్కువమంది ఉన్న పూట. నాలుగు రోజులు తక్కువ తింటాడు. తర్వాత ఆకలే మాట్లాడుతుంది. ఎవరూ చూడకపోయినా మోగే టీవీ కూడా కట్టేయండి.

గోదారి_గట్టు
ఇది నేను మొదటి నుంచీ చెబుతున్నదే! మేం చందమామను చూపించి ముద్దలు పెట్టాం, ఫోన్ కాదు. వాళ్ళ నాన్నమ్మని ప్రతి ముద్దకూ ఒక పేరు పెట్టమను. ఇది అమ్మ ముద్ద, ఇది తాత ముద్ద, ఇది కాకి ముద్ద. కాకి ముద్ద పెట్టేముందు ఆగమను, వాడే "కా" అంటాడు. ఆ "ఆగడం" అనేదానికి ఈ థెరపిస్టమ్మ కొత్తగా పేరు పెట్టింది గానీ మా అమ్మ కూడా అదే చేసేది. చెవి మాత్రం చూపించు, ఆ వరంగల్ అబ్బాయి రాసింది చదివాక నాకూ భయం వేసింది.

తెనాలి_అమ్మాయి
కొన్ని వారాల తర్వాత రాస్తున్నా, క్షమించాలి. బెరాలో నరం బాగుంది. టింపనోమెట్రీలో రెండు చెవుల వెనకా నీరు ఉందన్నారు. చలికాలమంతా వాడికి జలుబే. ఈఎన్‌టీ డాక్టర్ మూడు నెలలు చూసి మళ్ళీ పరీక్ష చేద్దాం, చాలామందికి దానంతటదే పోతుంది, పోకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. స్పీచ్ థెరపీ ఆగనక్కర్లేదట, వారానికి ఒకసారి మొదలైంది. థెరపిస్ట్ ఆటిజం లక్షణాలు తనకు కనిపించలేదని, అయినా పిల్లల డాక్టర్‌తో ఎం-చాట్ చేయించుకోమన్నారు, అదీ చేయించాం, తక్కువ రిస్క్ అని వచ్చింది. "కా" వచ్చింది, "ఇంకా" వచ్చింది, నిన్న "తాత దా" అన్నాడు. అత్తయ్యగారు నోట్‌బుక్‌లో రాసిపెడుతున్నారు.

ఇప్పుడు కొత్త ప్రశ్న. ప్లే స్కూల్‌లో వేస్తే మాటలు తొందరగా వస్తాయని అందరూ అంటున్నారు. వేయనా?

ఓరుగల్లు_నాన్న
చెవిలో నీరు ఉన్నంతవరకు టీచర్ దగ్గరగా, ఎదురుగా కూర్చోబెట్టమని రాసి ఇవ్వండి. వెనక నుంచి పిలిస్తే పలకడం లేదని మొండివాడనే పేరు పెట్టేస్తారు.

మాట_మంతి
స్కూల్ చూడటానికి వెళ్ళినప్పుడు గోడల మీద బొమ్మలు చూడకండి. ఒక టీచర్‌కి ఎంతమంది పిల్లలో అడగండి. పదిమంది లోపు ఉండి, ఆటలు, నేల మీద కూర్చుని కబుర్లు ఉంటే రెండు మూడు గంటలకు వేయొచ్చు. ముప్ఫై మందిని కూర్చోబెట్టి రైమ్స్ వీడియో వేసే చోటయితే ఇంట్లో నాన్నమ్మే నయం. "తెలుగు మాట్లాడితే ఊరుకోం" అనే చోట అసలు వద్దు. అలాగే మూడు నెలల చెవి పరీక్ష తేదీ ఇప్పుడే తీసుకోండి, తర్వాత దొరకదు.

తెనాలి_అమ్మాయి
అత్తయ్యగారు అడుగుతున్నారు, ఆ స్కూల్‌లో మధ్యాహ్నం దాకా తనూ కూర్చోవచ్చా అని. రేపు వెళ్ళి అడిగి చెబుతా.